బర్సర్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. అసలు ఎవరీ బర్సర్?

ఎంవీపీ_నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ చేస్తోంది. నిన్న రాత్రి ఫోన్ చేసి, "నాన్నా, బర్సర్ హోల్డ్ పడింది. వచ్చే సెమిస్టర్‌కి కోర్సులు రిజిస్టర్ కావడం లేదు" అంది. ఫీజు మేం జనవరిలోనే ఇక్కడి బ్యాంకు నుంచి పూర్తిగా కట్టేశాం. రసీదు నా దగ్గరే ఉంది. మరి ఈ హోల్డ్ ఏమిటో, ఆ బర్సర్ ఎవరో అర్థం కావడం లేదు. మన దగ్గర రిజిస్ట్రార్ లాంటి మనిషా? ఉత్త క్యాషియరా? నిఘంటువు తీస్తే "కళాశాల కోశాధికారి" అని ఉంది. కోశాధికారి అనగానే నాకు మా అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ కోసం తలుపు కొట్టే పెద్దాయన తప్ప ఇంకెవరూ గుర్తు రారు. ఎవరికి రాయాలి, ఏమని రాయాలి? ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం. తెలిసినవాళ్లు చెప్పండి.

డాలర్_తిప్పలు
అంకుల్, కంగారు పడకండి. అక్కడ చదివొచ్చి ఇప్పుడు మధురవాడలో ఉద్యోగం చేస్తున్నాను. ఈ హోల్డ్ చూడని మనవాళ్లు తక్కువ.

బర్సర్ అంటే యూనివర్సిటీలో విద్యార్థుల ఖాతాలు చూసే అధికారి. బిల్లు వేసేది, డబ్బు జమ చేసుకునేది, ఎక్కువ కడితే తిరిగి ఇచ్చేది, గడువు దాటితే లేట్ ఫీజు వేసేది ఆయన ఆఫీసే. ఫీజు ఎంతో నిర్ణయించేది మాత్రం ఆయన కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. స్కాలర్‌షిప్ ఇవ్వాలా వద్దా అన్నది ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు లేదా డిపార్ట్‌మెంట్ చూస్తుంది. కోర్సులు, మార్కుల జాబితాలు రిజిస్ట్రార్ పని. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), వీసా సంగతులు ఇంటర్నేషనల్ ఆఫీసువి. నాకు డిపార్ట్‌మెంట్ వాళ్లు ట్యూషన్ మాఫీ చేశారు. ఆ కాగితం బర్సర్ ఖాతాలో ఎక్కేదాకా బిల్లు మాత్రం నిండుగా అలాగే కనపడింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అదే.

హోల్డ్ అనేది మనిషి కోపం వచ్చి పెట్టేది కాదు. గడువు తేదీ నాటికి ఖాతాలో బాకీ ఉంటే సిస్టమ్ దానంతటదే పెడుతుంది. ఆ బాకీ తీరేదాకా రిజిస్ట్రేషన్ కదలదు. కొన్నిచోట్ల ట్రాన్స్‌క్రిప్ట్ కూడా ఆపుతారు. అందుకని ముందు చెల్లిని తన ఖాతా తెరిచి బాకీ ఎంత చూపిస్తోందో చూడమనండి. కొన్ని యూనివర్సిటీల్లో ఈ ఆఫీసుకి బర్సర్ అన్న పేరు తీసేసి స్టూడెంట్ అకౌంట్స్ అని పెట్టారు. పని అదే.

ఎంవీపీ_నాన్న
చూసిందమ్మా. 27 డాలర్లు బాకీ అని ఉందట. ఇరవై ఏడు! మేం పంపింది వేలల్లో. బిల్లులో ఎంతుంటే అంతా పంపాం, పైసా తగ్గలేదు.

గాజువాక_కుర్రాడు
27 డాలర్లకి చదువు ఆపేస్తారా? మా వీధి కిరాణా కొట్టాయన కూడా "రేపివ్వు బావు" అంటాడు కదా అండీ.

ద్వారకానగర్_లెక్కలు
ఎంవీపీ నాన్నగారూ, మీ రసీదులో ఉన్నది మీ ఖాతా నుంచి పోయిన సొమ్ము. అక్కడికి చేరిన సొమ్ము కాదు. ఈ రెండింటికీ మధ్య తేడా ఎక్కడొస్తుందో చెప్తాను. నా దగ్గరికి ఇదే సమస్యతో వచ్చే తల్లిదండ్రులు ఎక్కువ.

మీ బ్యాంకుకీ, ఆ యూనివర్సిటీ బ్యాంకుకీ మామూలుగా నేరుగా ఖాతాలు ఉండవు. మధ్యలో ఇంకో బ్యాంకు, ఒక్కోసారి రెండు బ్యాంకులు ఉంటాయి. అవి తమ చార్జీని దారిలోనే కోసుకుంటాయి. డబ్బు పంపే ఫారంలో చార్జీలు ఎవరు భరిస్తారని ఒక గడి ఉంటుంది. అందులో "అవర్" అంటే అన్నీ పంపేవాళ్లవే. "షేర్డ్" అంటే ఇక్కడివి మీవి, దారిలోవి అందుకునేవాళ్లవి. "బెన్" అంటే అన్నీ అందుకునేవాళ్లవే. మనం ఆ గడి చూడకుండా సంతకం పెడతాం, బ్యాంకు వాళ్లు అలవాటుగా షేర్డ్ అని టిక్ కొడతారు. అక్కడ ఆ చార్జీ తగ్గి పడుతుంది. బర్సర్ ఆఫీసు కంప్యూటర్‌కి మీ కష్టం తెలీదు. 27 డాలర్లు తక్కువ వచ్చాయి, అంతవరకే దానికి తెలుసు.

ఇప్పుడు తేలిక దారి, అమ్మాయి తన కార్డుతో ఆ 27 కట్టేయడం. హోల్డ్ పోతుంది. తర్వాత తీరిగ్గా బ్యాంకుని స్విఫ్ట్ కాపీ, అంటే డబ్బు పంపినప్పుడు బ్యాంకు అవతలి బ్యాంకుకి పెట్టిన సందేశం కాపీ, అడగండి. చార్జీల గడిలో ఏముందో, నోట్ గడిలో అమ్మాయి స్టూడెంట్ నంబరు రాశారో లేదో అందులో తెలుస్తుంది. నంబరు లేకపోతే డబ్బు చేరి కూడా ఎవరి ఖాతాలోనూ పడకుండా బర్సర్ దగ్గర మూలుగుతూ ఉంటుంది. ఈసారి నుంచి "అవర్" అని పట్టుబట్టండి. లేదంటే ఆ యూనివర్సిటీ ఫ్లైవైర్, కన్వెరా లాంటి ఫీజు చెల్లింపు సంస్థల్ని పెట్టుకుందేమో చూడండి. వాటిలో రూపాయల్లో కడితే బిల్లులో ఉన్నన్ని డాలర్లూ అక్కడ చేరతాయి.

డాలర్_తిప్పలు
ఇంకో మాట అంకుల్. ఆ మెయిల్ మీరు రాయకండి, చెల్లినే రాయమనండి. అదీ యూనివర్సిటీ ఇచ్చిన మెయిల్ నుంచే. అక్కడ ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది. కాలేజీలో చేరాక విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. ఫీజు కట్టేది మీరే అయినా, తను ఒప్పుకున్నట్టు వాళ్ల దగ్గర లేకపోతే ఖాతాలో ఏముందో మీకు చెప్పరు. మా నాన్న నాకు తెలీకుండా నాలుగు పేజీల ఉత్తరం రాస్తే, "మేము మీతో మాట్లాడలేం" అని ఒక్క వాక్యం జవాబొచ్చింది. ఆయన ఆ బర్సర్‌ని ఇప్పటికీ క్షమించలేదు.

రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడి ఉంటే ఇంటర్నేషనల్ ఆఫీసుకి కూడా ఒక మాట చెప్పి ఉంచమనండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్‌లో ఫుల్‌టైమ్‌గా నమోదై ఉండాలి. బాకీ చిన్నదే గానీ నమోదు జరగకపోతే గొడవ పెద్దదవుతుంది.

తెలుగు_మాస్టారు
డబ్బు సంగతి తేలింది గనుక మాట సంగతి నేనందుకుంటాను. బర్సర్‌కి మూలం లాటిన్‌లో "బుర్సా". అంటే సంచి, డబ్బు పెట్టుకునే సంచి. దానికీ వెనక గ్రీకులో "బుర్సా" అంటే తోలు. తోలుసంచి పట్టుకునేవాడు బర్సర్. పర్స్ కూడా ఆ ఇంటి బిడ్డే.

మనం రోజూ వాడే రెండు మాటల్లో ఈ బర్సర్ దాక్కుని ఉన్నాడు. ఒకటి డిస్‌బర్స్‌మెంట్, సంచిలోంచి తీసి ఇవ్వడం. ట్రెజరీ బిల్లు పెట్టిన ప్రతి ప్రభుత్వోద్యోగికీ తెలిసిన డీడీఓ ఉన్నారే, డ్రాయింగ్ అండ్ డిస్‌బర్సింగ్ ఆఫీసర్, ఆయన పేరులో ఉన్నది అదే. రెండోది మన రాష్ట్రంలో పిల్లలకి కూడా నోరు తిరిగే మాట, ఫీజు రీయింబర్స్‌మెంట్. తిరిగి సంచిలో పెట్టడం అని దాని అర్థం. ఆ లెక్కన మనం కట్టిన డబ్బు మన సంచిలోకి తిరిగి రావాలి. మన దగ్గర చాలామంది పిల్లలు ముందు కట్టిందీ లేదు, తిరిగి వచ్చిందీ లేదు. ప్రభుత్వం ఎప్పుడిస్తుందా అని కాలేజీ యాజమాన్యం ఎదురుచూస్తూ ఉంటుంది. మాట అర్థం ఎలా ఉన్నా జనం నోట స్థిరపడ్డాక దాన్ని ఎవరూ కదపలేరు.

పోర్ట్_ఏజెంట్
మాస్టారూ, మీరు ట్రెజరీ దగ్గర ఆగిపోయారు. హార్బర్ దాకా రండి. షిప్పింగ్ ఏజెన్సీలో మాకు పొద్దున్న లేస్తే డిస్‌బర్స్‌మెంటే. ఓడ రాకముందే యజమానికి ప్రొఫార్మా డీఏ, అంటే ఖర్చుల అంచనా, పంపాలి. డీఏ అంటే డిస్‌బర్స్‌మెంట్ అకౌంట్. పోర్ట్ డ్యూస్, పైలటేజ్, టగ్గుల చార్జీ, బెర్త్ అద్దె, మంచినీళ్లు, సిబ్బందిలో ఎవరికైనా పన్ను నొప్పొస్తే డాక్టర్ ఫీజు, అన్నీ అందులో వరసగా ఉంటాయి. ఆ మొత్తం ముందే తెప్పించుకుంటాం. ఓడ వెళ్లాక ప్రతి వోచరూ జత చేసి ఫైనల్ డీఏ పంపుతాం. యజమాని ఆఫీసులో కూర్చున్నవాడు పడవ అద్దెలో ఒక ట్రిప్పు ఎక్కువ పడిందని నెల తర్వాత మెయిల్ పెడతాడు. కాబట్టి ఎంవీపీ నాన్నగారి 27 డాలర్ల బాధ నాకు బాగా తెలుసు. మాకూ దారిలో బ్యాంకులు కోసేస్తాయి.

ఓడ మీద డబ్బు చూసే మనిషిని పర్సర్ అంటారు. బర్సర్, పర్సర్ ఒకే మాటకి రెండు రూపాలు. సరుకు ఓడల్లో ఇప్పుడు పర్సర్ దాదాపు కనపడడు, ఆ నగదు లెక్క కెప్టెన్ నెత్తినే పడింది. ప్రయాణికుల ఓడల్లో మాత్రం ఉంటాడు. మన పోర్టు నుంచి అండమాన్ ఓడ ఎక్కినవాళ్లు చూసే ఉంటారు. విమానాల్లో కూడా కేబిన్ సిబ్బందికి పెద్దని పర్సర్ అంటారు, అయితే ఆ మనిషి చేతిలో సంచీ ఉండదు, లెక్కా ఉండదు.

మాజీ_నావికుడు
పర్సర్ పేరెత్తారు గనుక చెప్తాను. బ్రిటిష్ నౌకాదళంలో పర్సర్ అంటే నావికులకి పడేది కాదు. అప్పట్లో అతనికి జీతం కంటే సరుకుల మీద మిగిలేదే ఎక్కువ. పౌనుకి 16 ఔన్సులు. పర్సర్ తూచి ఇచ్చేది 14. ఆ రెండు ఔన్సులూ ఎలుకలు తిన్నవి, తడిసి కుళ్లినవి, ఒలికిపోయినవి అని లెక్క. నష్టం నిజంగా ఎంతో గానీ తరుగు మాత్రం ప్రతి పౌనుకీ తీసేవాడు. దాన్ని నావికులు "పర్సర్ పౌను" అని వెక్కిరించేవారు. 1797లో స్పిట్‌హెడ్ దగ్గర నౌకాదళం తిరగబడినప్పుడు జీతం పెంపుతో పాటు వాళ్లు అడిగినవాటిలో 16 ఔన్సుల నిండు తూకం కూడా ఒకటి. తర్వాత 1852 నాటికి పర్సర్ పేరు తీసేసి పేమాస్టర్ అని పెట్టారు. పేరు పోయినా బ్రిటిష్ నావికుల యాసలో "పసర్" అన్న మాట మిగిలింది, సర్కారు వారి సరుకు అన్న అర్థంలో. మన నౌకాదళంలో ఇప్పుడు ఈ పనులన్నీ లాజిస్టిక్స్ శాఖవి.

గాజువాక_కుర్రాడు
రేషన్ షాపులో తరుగు తీయడం అక్కడి నుంచే వచ్చిందన్నమాట 😀

మాజీ_నావికుడు
అది ఎక్కడి నుంచీ రానక్కర్లేదు తమ్ముడూ. తక్కెడ ఉన్నచోటల్లా పుడుతుంది.

కేజీహెచ్_ఎముకలు
నేను ఆర్థోపెడిక్స్. బుర్సా అనగానే తలతిప్పి చూశాను. భుజం, మోకాలు, మోచేయి లాంటి కీళ్ల దగ్గర ఎముక మీద కండరం ఒరుసుకోకుండా చిన్న చిన్న తిత్తులుంటాయి, లోపల కొంచెం జిగురు నీరు ఉంటుంది. వాటి పేరు బర్సా. అది వాస్తే బర్సైటిస్. ఓపీలో పెద్దవాళ్లకి "కీలు దగ్గర తిత్తి వాచింది" అని చెప్తాను, వెంటనే అర్థమవుతుంది. మాస్టారు గ్రీకులో తోలు అన్నారు కదా. మన తిత్తి కూడా తోలుసంచే. కొలిమితిత్తి, నీళ్ల తిత్తి. బర్సాకి ఇంతకంటే దగ్గరి తెలుగు మాట నాకు తెలీదు.

గాజువాక_కుర్రాడు
అయితే బర్సర్ అంటే తిత్తి తీసేవాడు. ఎంవీపీ అంకుల్‌కి అర్థమయ్యే ఉంటుంది.

ఎంవీపీ_నాన్న
బాగా అర్థమైంది నాయనా.

సాగర్‌నగర్_అక్క
ఇంగ్లండ్‌లో కొన్నాళ్లు ఉన్నాం. అక్కడ బర్సర్ అంటే మీరు చెప్తున్న ఫీజు కౌంటర్ కాదు. ప్రైవేటు స్కూళ్లలో హెడ్‌మాస్టర్ చదువు చూస్తే, మిగతాదంతా బర్సర్ చూస్తాడు. జీతాలు, భవనాలు, వంటిల్లు, గడ్డి కోసే మనిషి, పైకప్పు కారితే రిపేరు, అన్నీ. ఆక్స్‌ఫర్డ్ కాలేజీల్లో అయితే ఇద్దరు బర్సర్లున్నవీ ఉన్నాయి. ఒకరు ఇంటి వ్యవహారం చూస్తారు, వసతి, భోజనం వగైరా. ఇంకొకరు కాలేజీ ఆస్తులు చూస్తారు. అందుకని "బర్సర్ అంటే క్యాషియర్" అని అక్కడెవరితోనైనా అంటే చిన్నబుచ్చుకుంటారు.

బర్సరీ అని ఇంకో మాట వింటారు. అది ఆఫీసు కాదు, డబ్బు. స్తోమత లేని పిల్లలకి ఫీజులో ఇచ్చే సాయం. స్కాలర్‌షిప్ సాధారణంగా ప్రతిభకి, బర్సరీ అవసరానికి. మా పక్కింటావిడ తన కొడుక్కి బర్సరీ వచ్చిందని చెప్తే, అబ్బాయికి అకౌంట్స్‌లో ఉద్యోగం వచ్చిందని నేను స్వీట్లు పట్టుకెళ్లాను. ఆవిడ ఏమీ అనకుండా తీసుకుంది.

వాల్తేరు_ఎకనామిక్స్
అక్క చెప్పిన ఆస్తులు చూసే బర్సర్లలో అందరికంటే పేరున్నవాడు జాన్ మేనార్డ్ కీన్స్. అవును, ఆ ఆర్థికశాస్త్రవేత్త కీన్సే. కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీకి 1924 నుంచి 1946లో పోయేదాకా ఆయనే ఫస్ట్ బర్సర్. అప్పట్లో కాలేజీలు తమ సొమ్ముని పొలాల్లో, బాండ్లలో పెట్టి అద్దె, వడ్డీ తింటూ కూర్చునేవి. ఈయన కొంత సొమ్ము విడదీసి కంపెనీల షేర్లలో పెట్టాడు. 1929 షేర్ మార్కెట్ పతనంలో దెబ్బలు తిన్నాడు. తర్వాత పద్ధతి మార్చాడు. మార్కెట్ ఎప్పుడు లేస్తుంది ఎప్పుడు పడుతుంది అని లెక్కలు కట్టడం మానేసి, నమ్మిన కొద్ది కంపెనీల షేర్లు కొని ఏళ్ల తరబడి కదపకుండా ఉంచాడు. కాలేజీ బాగా లాభపడింది. ఫైనాన్స్ చదివేవాళ్లు ఆయన పెట్టుబడుల లెక్కల్ని ఇప్పటికీ తిరగేస్తారు.

మన దగ్గర యూనివర్సిటీలకి అలాంటి నిధి ఉండదు, అందుకే అలాంటి బర్సరూ ఉండడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి రోజుల్లో జయపురం (ఇప్పటి ఒడిశాలోది) మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. సైన్స్ కాలేజీకి ఆయన పేరే ఉంది. ఆ రోజుల్లో లక్ష అంటే చిన్న సంగతి కాదు. కానీ ఏడాదికేడాది వచ్చి ఖర్చయ్యే సొమ్ము వేరు, కూర్చోబెట్టి పెంచే నిధి వేరు. మన విశ్వవిద్యాలయాల్లో లెక్కలు చూసే పదవి పేరు ఫైనాన్స్ ఆఫీసర్. ఆయన పనిలో చాలావరకు ప్రభుత్వం నుంచి రావాల్సిన గ్రాంటు కోసం ఎదురుచూపులు, వచ్చాక జీతాలు, పింఛన్లు సర్దడం.

డాలర్_తిప్పలు
మరి మన దేశంలో బర్సర్ ఎక్కడా లేడా?

వాల్తేరు_ఎకనామిక్స్
ఎందుకు లేడు? ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో ఉన్నాడు, బెంగాల్ కాలేజీల్లో ఉన్నాడు. అక్కడ మామూలుగా పాఠం చెప్పే అధ్యాపకుల్లోనే ఒకరికి ఆ పని అప్పజెప్తారు. లెక్కలు రాసేది అకౌంటెంటే, ప్రిన్సిపాల్‌తో పాటు కాగితాల మీద సంతకం పెట్టే బాధ్యత బర్సర్‌ది. నా మిత్రుడొకాయన అక్కడ ఫిలాసఫీ చెప్తూ బర్సర్‌గా చేశాడు. లేబొరేటరీకి గాజు సామాను కొన్న బిల్లుల మీద సంతకాలు పెడుతూ శంకరాద్వైతం మర్చిపోతున్నానని వాపోయేవాడు. శ్రీలంక విశ్వవిద్యాలయాల్లో అయితే బర్సర్ చట్టంలో రాసి ఉన్న పదవి. మన తెలుగు జిల్లాల్లో మాత్రం ఈ మాట పాకలేదు.

ఏజీ_ఆఫీస్_రిటైర్డ్
ఇంగ్లిషు పదవుల పేర్లలో బర్సర్ కంటే తిప్పలు పెట్టేది కంప్ట్రోలర్. మన కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్)లో మొదటి అక్షరం అదే. మధ్యలో "పీ" ఉన్నా పలికేది కంట్రోలర్ అనే. పాతకాలం ఫ్రెంచి మాట "కాంట్ర్ రోల్" అంటే జతగా రాసిన రెండో చిట్టా. ఒకడు రాసిన లెక్కని ఇంకొకడు వేరే చుట్టలో రాసి సరిపోల్చేవాడు. ఎవరో పండితుడు అది "కౌంట్" నుంచి వచ్చిందనుకుని స్పెల్లింగులో ఆ "పీ"ని దూర్చాడు. ఇప్పటికీ దాన్ని పైకి పలుకుతున్నవాళ్లే ఎక్కువ.

ఇంతకంటే తమాషా ఏమిటంటే, మన దేశంలో ఆయన ఆడిట్ చేస్తాడు గానీ ఖజానాని కంట్రోల్ చేయడు. బ్రిటన్‌లో 1866 చట్టం ప్రకారం ఖజానా నుంచి డబ్బు కదలాలంటే ఆ అధికారి అనుమతి కావాలి. మనం పేరు పూర్తిగా తెచ్చుకుని పని సగమే తెచ్చుకున్నాం. 1976లో కేంద్రం లెక్కలు రాసే పనిని కూడా కాగ్ నుంచి విడదీశారు. రాష్ట్రాల లెక్కలు మాత్రం ఇంకా ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులే రాస్తున్నాయి. అంబేద్కర్ రాజ్యాంగ సభలో ఈ పదవిని రాజ్యాంగంలో బహుశా అన్నిటికంటే ముఖ్యమైనదిగా చెప్పారు. అంత పెద్ద పదవికి సరైన తెలుగు పేరు స్థిరపడలేదు, పత్రికలు "కాగ్" అనే రాస్తాయి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆర్థికాధికారి పేరు కూడా కంప్ట్రోలరే.

తెలుగు_మాస్టారు
ఆడిటర్ గారూ, చాలా బాగా చెప్పారు. ఇక బర్సర్‌కి తెలుగు. కోశాధికారి అన్న మాట విని ఎంవీపీ నాన్నగారికి అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది గానీ, మాట తప్పు కాదు. కోశం అంటే ఖజానా, కోశం అంటే తిత్తి కూడా. గర్భకోశం, అండకోశం అనడం లేదూ? కత్తి ఒరని కూడా కోశమే అంటారు. బుర్సాలాగే సంచీ, ధనాగారం, శరీరంలో తిత్తీ మూడూ ఒక్క మాటలో ఇమిడాయి. అచ్చంగా బర్సర్‌కి సాటి.

పత్రిక_డెస్క్
మాస్టారూ, సంస్కృతంలో సాటి వచ్చింది, సరే. డెస్క్‌లో కూర్చుని "కోశాధికారి హోల్డ్ వల్ల విద్యార్థినికి ఇబ్బంది" అని రాస్తే చదివేవాడు సంఘం ఎన్నికల వార్త అనుకుంటాడు. కోశాధికారి అంటే మన జనానికి అధ్యక్షుడు, కార్యదర్శి తర్వాత మూడో పేరు. ఎన్నికైన మనిషి. బర్సర్ జీతగాడు. కాబట్టి అమెరికా సంగతి రాసేటప్పుడు నేను "యూనివర్సిటీ ఫీజుల విభాగం" అని రాస్తాను. ఇంగ్లండ్ స్కూలు బర్సర్ అయితే "పరిపాలన, ఆర్థిక వ్యవహారాల అధికారి". కీన్స్ గురించి రాస్తే బర్సర్ అనే ఉంచేస్తాను. ఒకే మాటకి ఒకే తెలుగు అని పట్టుబడితే మూడు చోట్లా దెబ్బతింటాం.

తెలుగు_మాస్టారు
అర్థశాస్త్రం చూశారా? అందులో కౌటిల్యుడు ఇద్దర్ని పెట్టాడు. సమాహర్త రాబడి వసూలు చేసేవాడు. సన్నిధాత వచ్చినదాన్ని కోశాగారంలో భద్రం చేసేవాడు. మీ అమెరికా బర్సర్ ఎక్కువగా సమాహర్త. కింగ్స్ కాలేజీ బర్సర్ సన్నిధాత.

పత్రిక_డెస్క్
ఆ పేర్లు పెడితే హోల్డ్ ఎత్తేలోగా సెమిస్టర్ అయిపోతుంది మాస్టారూ.

పోర్ట్_ఏజెంట్
మాకు తెలిసిన తెలుగు అయితే "గల్లా మీద కూర్చునేవాడు". హోటల్లో గల్లాపెట్టె దగ్గరున్న మనిషి బిల్లు వేస్తాడు, డబ్బు తీసుకుంటాడు, చిల్లరిస్తాడు, ఇడ్లీ ధర తగ్గించమంటే లోపల ఓనర్ని అడగమంటాడు. డాలర్ తిప్పలు గారు చెప్పిన బర్సర్ అచ్చం అదే. తిరుమలలో స్వామి నగలు ఉండేచోటుని ఇప్పటికీ బొక్కసం అంటారు, ఆ మాట కూడా బాగుంటుంది గానీ ఫీజు కట్టేచోటికి మరీ బరువు.

సాగర్‌నగర్_అక్క
అందరూ తలో మాట చెప్పారు గానీ అఫిడవిట్‌లో ఏం రాస్తారు? పోయినసారి మా మరిది కూతురి కాగితాలు తెలుగులో నోటరీ చేయించాల్సి వస్తే టైపిస్టు "బర్సార్ దొర గారికి" అని కొట్టాడు.

పత్రిక_డెస్క్
అఫిడవిట్లో పదవి పేరు మార్చకూడదు అక్కా. తెలుగు లిపిలో "బర్సర్" అని రాసి, పక్కన "విద్యార్థుల ఫీజుల ఖాతాలు చూసే అధికారి" అని ఒక్క ముక్క పెట్టండి. మాస్టారికీ కోపం రాదు, నోటరీకీ అర్థమవుతుంది.

స్టీల్‌ప్లాంట్_అమ్మ
మా అబ్బాయి ఈ ఆగస్టులో వెళ్తున్నాడు. విద్యారుణం శాంక్షన్ అయింది. బ్యాంకు వాళ్లు డబ్బు నేరుగా బర్సర్‌కే పంపుతామంటున్నారు, మా చేతికి ఇవ్వరట. టీసీఎస్ అని ఇంకేదో పడుతుందంటున్నారు. ఎంత పడుతుందో, అది మళ్లీ వస్తుందో రాదో తెలిసినవాళ్లు చెప్పండి.

ద్వారకానగర్_లెక్కలు
అమ్మా, శాంక్షన్ వేరు, డిస్‌బర్స్‌మెంట్ వేరు. శాంక్షన్ అంటే ఇస్తామని ఒప్పుకోవడం. డిస్‌బర్స్‌మెంట్ సెమిస్టర్‌కి ఒకసారి, బిల్లు చూపించాక జరుగుతుంది. కాలేజీ బిల్లు గడువు, బ్యాంకు వాళ్ల తీరిక ఒకే రోజు రావు. అబ్బాయి ఖాతాలో బిల్లు కనపడిన రోజే దాని ప్రింటు బ్యాంకులో ఇవ్వండి. ఆలస్యమవుతుందనిపిస్తే బర్సర్ ఆఫీసుకి శాంక్షన్ లెటర్ పంపి గడువు అడగమనండి. చాలాచోట్ల వాయిదాల పద్ధతి ఉంటుంది, దానికి కొద్దిపాటి రుసుము తీసుకుంటారు. లేట్ ఫీజు కంటే అదే నయం.

టీసీఎస్ సంగతి. విదేశాలకి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను అది. బ్యాంకు లాంటి గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన విద్యారుణం నుంచి ఫీజు పంపితే 2025 ఏప్రిల్ 1 నుంచి అసలు లేదు. మీ సొంత డబ్బు పంపితే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల దాకా లేదు, దాటిన సొమ్ము మీదే పడుతుంది. రేటు బడ్జెట్లలో మారుతుంది, పంపే రోజున బ్యాంకులో అడగండి. అది పోయిన డబ్బు కాదు. ఎవరి పాన్ మీద కట్టారో వాళ్ల పన్ను జమల పట్టికలో (26ఏఎస్) కనపడుతుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు లేదా వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. రిటర్న్ వేసేది మీవారైతే డబ్బు కూడా ఆయన ఖాతా నుంచే, ఆయన పాన్ మీదే వెళ్లాలి. అమ్మమ్మగారి ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి ఆవిడ ఖాతా నుంచి పంపితే రిటర్న్ ఆవిడ వేయాల్సి ఉంటుంది.

ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి మామూలుగా 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు, ఫీజులకి అంత అవసరం ఉండదు లెండి. ఫారంలో పర్పస్ కోడ్ విదేశీ చదువుకి ఎస్0305. కుటుంబ పోషణ అనో బహుమతి అనో వేస్తే టీసీఎస్ లెక్క మారిపోతుంది. ఆ కోడ్, చార్జీల గడిలో "అవర్", నోట్‌లో అబ్బాయి స్టూడెంట్ నంబరు, ఈ మూడూ చూసుకున్నాకే సంతకం పెట్టండి.

స్టీల్‌ప్లాంట్_అమ్మ
చాలా థాంక్సండీ. రేపు బ్యాంకుకి వెళ్లేటప్పుడు మీరు చెప్పినవి కాగితం మీద రాసుకుని పట్టుకెళ్తాను. లోన్ మా ఇద్దరి పేరు మీదా ఉంది. వడ్డీ మీద పన్ను మినహాయింపు ఎవరికి?

ద్వారకానగర్_లెక్కలు
వడ్డీ ఎవరి జేబులోంచి కడితే వాళ్లకి. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి 8 ఏళ్లు. అసలుకి మినహాయింపు లేదు.